ఆకుకి సరిపడా ఇల్లు

ఆ ఉద్యోగానికి నన్ను ఎందుకు తీసుకున్నారో మొదటి నెలంతా నాకు అర్థం కాలేదు. ఆటో నేను దిగాల్సిన చోటు దాటిపోయినా ఆపమని చెప్పలేక, ఇంకెవరో దిగే చోట దిగి వెనక్కి నడిచొచ్చే మనిషిని నేను. ఆ ఉద్యోగమేమో ఊరూరా తిరిగి, ముక్కూ మొహం తెలియని పెద్దవాళ్ళ గుమ్మాల్లో నిలబడి, వాళ్ళ ఇంటి సంగతులు అడగడం.

ఇంటర్వ్యూలో మేడమ్ ఒకే ఒక్క ప్రశ్న వేశారు. "ఎవరైనా చెప్పింది నీకు అర్థం కాకపోతే ఏం చేస్తావమ్మా?"

"ఇంటికెళ్ళి రాసుకుంటానండీ" అన్నాను.

అది నిజమే. ఇంటర్ చదివే రోజుల నుంచీ డైరీ రాస్తున్నాను. పగలు నోటికి రానిది సాయంత్రం కాగితం మీదికి వస్తుంది. కానీ ఉద్యోగం ఇచ్చేవాళ్ళకి చెప్పే జవాబా అది అని అమలాపురం బస్టాండులో దిగేదాకా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. వారం తర్వాత రమ్మని ఫోను వచ్చింది.

మేడమ్‌ది కొత్తపేట వైపు ఊరు. యూనివర్సిటీలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. రిటైరయ్యాక విశ్రాంతి తీసుకోకుండా ఈ పరిశోధన మొదలుపెట్టారు. అరవై దాటినవాళ్ళు ఇవాళ ఏ కప్పు కింద పడుకుంటున్నారు, వచ్చే ఏడాది కూడా ఆ కప్పు కిందే పడుకుంటామనే నమ్మకం వాళ్ళకి ఎంత ఉంది, అన్నదే విషయం. "ఇల్లు లేనివాళ్ళంటే ప్లాట్‌ఫారం మీద పడుకునేవాళ్ళే అనుకుంటాం. మన కోనసీమలో అలాంటివాళ్ళు నీకు పెద్దగా కనపడరు. అందరికీ పైన ఏదో ఒక కప్పు ఉంటుంది. అది ఎవరిది, ఎన్నాళ్ళుంటుంది, అన్నది రాసుకురావాలి మనం" అన్నారు మొదటిరోజే.

ఇళ్ళకి వెళ్ళినప్పుడు ఎలా మసలుకోవాలో కూడా చెప్పారు. వాళ్ళు కూర్చోమన్న చోటే కూర్చోవాలి, మనకి శుభ్రంగా కనపడిన చోట కాదు. మొదటి గ్లాసు నీళ్ళు తాగేటప్పుడు ప్రశ్నలు అడగకూడదు. పత్రాలు బిగించిన అట్ట పైకి తీయడం, వాళ్ళే "రాసుకోరా మరి" అన్నాక. మాట్లాడటం రాని నాకు ఈ పద్ధతి బాగా కుదిరింది. నా బెదురు చూసి చాలామంది నేను బుద్ధిమంతురాలినని అనుకునేవారు.

రాజోలు వెళ్ళే దారిలో, కాలువ గట్టు మీంచి దిగితే ఒక కొబ్బరి తోట. ఆ తోట చివర ఒక మామ్మగారు ఒక్కతే ఉంటుంది. డెబ్బై దాటి ఉంటాయి. ఆవిడా, ఆవిడ భర్తా ఆ తోటకి కాపలా ఉండటానికి వచ్చారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ కాపలా ఆవిడదే. రాలిన కాయలు ఏరి కుప్ప వేయడం, కాయల దింపు రోజున లెక్క చూడటం, మేకలు రాకుండా దడి కట్టడం. దానికి బదులుగా తోట గలవాళ్ళు అక్కడే తాటాకు పాక వేసుకుని ఉండనిచ్చారు.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు మే నెల ఎండ. ఆవిడ పాక ముందు నేలకి నీళ్ళు చల్లుతోంది. నన్ను చూసి చెంబు పక్కన పెట్టింది.

"ఎవరమ్మాయివమ్మా? ఏ పేట మీది?"

చెప్పాను. మా నాన్న స్కూలు మాస్టారని కూడా చెప్పాను.

"మాస్టారి పాపా నువ్వు. చర్చి ఎనకాల ఇల్లు గదా మీది. మీ మామ్మా నేనూ కలిసి ఊడ్పులకి ఎల్లేవోళ్ళం" అంటూ అరుగు మీద గోనె పరిచింది. "కూర్చో. మీ మామ్మ కూడా ఇంతే, నోట్లో మాట బయటికి రాదు. పాట మాత్రం వచ్చేది."

మా మామ్మ పాడేదని నాకు అప్పటిదాకా తెలియదు.

నీళ్ళు తాగాను. రెండో గ్లాసు కూడా తాగాను. ఆవిడే "ఏదో రాసుకోవాలన్నావు" అన్నాక అట్ట తీశాను. మేడమ్ తయారుచేసిన ప్రశ్నల్లో ముఖ్యమైనది ఒకటుంది. గడిచిన ఏడాదిలో ఎవరైనా మిమ్మల్ని ఈ ఇల్లు ఖాళీ చేయమన్నారా? అప్పటికి నేను చాలా ఇళ్ళు తిరిగాను. ఒక్కరు కూడా అవునని చెప్పలేదు. మామ్మగారు కూడా అలాగే చెప్పింది.

"లేదమ్మా. ఎవరూ అనలేదు."

లేదు అన్న గడిలో టిక్కు పెట్టాను. తల ఎత్తేసరికి పాక కప్పులోంచి ఆకాశం ముక్కలు ముక్కలుగా కనపడింది. పాత ఆకు నల్లబడి, మెత్తబడి, కొన్నిచోట్ల వాసాలు తేలిపోయాయి. లోపల మంచం మీద పడుతున్న ఎండ మచ్చలని చూసి, "కప్పు బాగుచేయించుకోలేదాండీ?" అని అడిగాను.

"ఆకింకా రాలేదమ్మా" అంది. అని, చెంబు తీసుకుని మళ్ళీ నీళ్ళు చల్లడం మొదలుపెట్టింది.

పత్రం చివర ఇంటి పరిస్థితి అన్న చోట "కప్పు మరమ్మతు అవసరం" అని రాసి వచ్చేశాను.

సాయంత్రం ఇంట్లో అన్నం తినేటప్పుడు నాన్నతో ఆవిడ గురించి చెప్పాను. ఆకు రాలేదందని కూడా మాటల్లో చెప్పాను. నాన్న తినడం ఆపారు.

"ఎప్పుడు రావాలన్నది?"

"అది అడగలేదు నాన్నా."

"ఈస్టర్ వెళ్ళిన పది రోజుల్లోపు రావాలి. ఈస్టర్ వెళ్ళి నెల దాటింది."

అప్పుడు చెప్పారు. ఇతరుల భూమిలో పాక వేసుకున్నవాళ్ళకి కాగితం ఉండదు, మాట కూడా ఉండదు. భూమి గలవాళ్ళ గట్ల మీద తాటిచెట్లుంటాయి. ఎండాకాలంలో ఆకు కొట్టించి, మోపులు కట్టించి, పాకలో ఉన్నవాళ్ళకి పంపుతారు. ఆకు వచ్చిందంటే ఇంకో ఏడాది ఉండమని. రాలేదంటే ఎవరూ వచ్చి పొమ్మనరు. వాళ్ళూ పెద్దమనుషులే, వీళ్ళూ మర్యాద తెలిసినవాళ్ళే. జూన్‌లో వాన పడుతుంది, పాత కప్పు ఆగదు, పాకలో ఉన్నవాళ్ళు మూటలు సర్దుకుంటారు.

"మా అమ్మ ఈస్టర్ పాటలు పాడుతూనే రోడ్డు వైపు చూసేది. ఆకు బండి వస్తుందేమోనని" అన్నారు నాన్న. ఆయన చిన్నతనం గురించి నాతో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదటిసారి. తర్వాత చెయ్యి కడుక్కుని, మొక్కలకి నీళ్ళు పెట్టడానికి వెళ్ళిపోయారు.

ఆ రోజు డైరీలో చాలా రాశాను. ఆ గడిలో నేను పెట్టిన టిక్కు తప్పు. తిరిగిన ఇళ్ళన్నిట్లోనూ ఎన్ని టిక్కులు తప్పో తెలియదు. రాసిన కొద్దీ కోపం వచ్చింది, ధైర్యం కూడా వచ్చింది. నాకు ధైర్యం అలవాటు లేదు. అలవాటు లేనిది వచ్చినప్పుడు దాన్ని ఎక్కడ వాడాలో తెలియదు.

మర్నాడు పొద్దున్నే తోటకి వెళ్ళాను. ఆ రోజు దింపు. చెట్లెక్కిన మనుషులు కాయలు కోసి పడేస్తున్నారు. తోట గలవారి పెద్దకోడలు గారు కుర్చీ వేయించుకుని కూర్చుని చూస్తున్నారు. ఆవిడ భర్త లేరు. తోట ఆవిడా, ఇద్దరు మరుదులూ కలిసి చూసుకుంటారు. మామ్మగారు కాయలు జతలు జతలుగా లెక్కపెడుతోంది. నేను నమస్కారం పెట్టి, కూర్చోమనేదాకా ఆగకుండా, నీళ్ళు అడగకుండా, అట్ట తీశాను.

"మామ్మగారూ, నిన్న నేను తప్పు రాశానండీ. ఈ ఏడు ఆకు రాలేదు గదా. అంటే మిమ్మల్ని ఖాళీ చేయమన్నట్టే గదండీ?"

పెద్దకోడలు గారి ముందే అన్నాను. లెక్క ఆగిపోయింది. చెట్టు మీదివాళ్ళు కూడా కోయడం ఆపారు.

"ఎవరన్నారమ్మా ఆ మాట?" అన్నారు పెద్దకోడలు గారు నాతో. తర్వాత మామ్మగారి వైపు తిరిగారు. "నేనన్నానా? నిన్ను పొమ్మని ఏనాడైనా అన్నానా నేను?"

ముప్పై ఏళ్ళుగా ఎవరూ నోటితో అనకుండా నడిచిన సంగతిని నేను అందరి మధ్యకీ తెచ్చి పడేశాను. ఇప్పుడు మామ్మగారు అవునని అన్నా, కాదని అన్నా, అన్న మాట అన్నట్టే ఉండిపోతుంది.

మామ్మగారు చేతిలో కాయలు కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"మీరెందుకంటారండీ అమ్మగారూ. ఈ పాపకి తెలీదు, కొత్త. పాపా, రాసుకో. పెద్దకోడలు గారు ఎల్లిపొమ్మని అనలేదు. రాసేవా? ముప్పై ఏళ్ళబట్టీ ఈస్టర్ ఎల్లిన పది రోజుల్లో ఆకు పంపేరు, ఒక్క ఏడు తప్పలేదు. అదీ రాసుకో. ఈవిడగారి మామగారు, పెద్దాయన, పోయిన ఏడు కూడా, ఇంట్లో అంత దుఃఖంలోనూ పంపేరు. ఈ ఏడు కొంచెం ఆలస్యమైంది. అదీ రాసుకో."

నేను రాశాను. పెద్దకోడలు గారు నా అట్ట వైపే చూస్తున్నారు.

"ఎక్కడికెళ్తాయమ్మా ఈ కాగితాలు?"

"యూనివర్సిటీ మేడమ్ గారికండీ. పేర్లు రాయమండీ."

"పేరు లేకపోతే మాత్రం? కాలువ గట్టున తోట అంటే అందరికీ తెలుసు" అన్నారు. కానీ ఆ మాటలో కోపం లేదు, ఇబ్బంది ఉంది. "దింపు కానివ్వండర్రా" అని చెట్ల మీదివాళ్ళతో అని, లేచి ఇంటికి వెళ్ళిపోయారు.

ఆవిడ వెళ్ళాక నేను మామ్మగారికి క్షమాపణ చెప్పబోయాను. ఆవిడే నీళ్ళు తెచ్చిచ్చింది.

"అడిగేశావు గదా ఇంక. ముప్పై ఏళ్ళు నేనడగలేదు. అడగకుండా ఉన్నన్నాళ్ళూ ఆవిడ ఏదీ చెప్పక్కర్లేదు, నేను ఏదీ వినక్కర్లేదు. ఇప్పుడు ఆవిడ ఏదో ఒకటి చెయ్యాలి."

"ఆకు పంపకపోతే ఎక్కడికి వెళ్తారండీ?"

"అదే ఇంకా అనుకోలేదు" అంది. ఆ మాట అన్నప్పుడు మాత్రం నా వైపు చూడలేదు.

తర్వాత నెమ్మది మీద చెప్పింది. కూతురు కె.గంగవరం దగ్గర ఒక్క గది అద్దెకి తీసుకుని ఉంటుంది, ఆ గదిలో ఐదుగురు. ఆధార్ కార్డులో ఉన్నది కూతురి ఊరు. ఉంటున్న ఊళ్ళో గవర్నమెంటువాళ్ళు ఇళ్ళ స్థలాలు ఇస్తామంటే అడగడానికి వెళ్ళింది. ఇక్కడ ఉంటున్నట్టు కాగితం కావాలన్నారు. కాగితం ఎవరిస్తారు? తోట గలవాళ్ళు ఇవ్వాలి. వాళ్ళని అడగలేదు. తోటలో పాక ఉన్నట్టు రాసిమ్మంటే తోట మీద కన్నేసినట్టుంటుందని అడగలేదు. పైగా మరుదులు ఈ తోట తీసేసి చేపల చెరువు తవ్విద్దామంటున్నారట.

నేను ఆ మధ్యాహ్నం మేడమ్ దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. ఉద్యోగం మానేస్తానని కూడా చెప్పాను. ఆవిడ అడ్డు రాకుండా విన్నారు.

"తప్పు చేశావు" అన్నారు. ఊరడించలేదు. "కానీ నీకంటే ముందు నేను చేశాను. ఆ ప్రశ్న రాసింది నేను. ఖాళీ చేయమన్నారా అని అడిగాను. మన వైపు ఎవరు అంటారమ్మా అలా? నేను ఇక్కడే పుట్టాను, నాకు తెలిసుండాలి."

అప్పటిదాకా నింపిన పత్రాలన్నీ బల్ల మీద పెట్టించారు. అన్నిట్లోనూ ఆ ప్రశ్న దగ్గర లేదు, లేదు, లేదు అని ఉంది. ఒక పెన్ను తీసుకుని, తన చేత్తో తయారుచేసిన ప్రశ్నని తనే కొట్టేశారు. దాని పక్కన ఇంకొకటి రాశారు. వచ్చే ఏడాది కూడా ఇక్కడే ఉంటారని మీకు ఎలా తెలుస్తుంది?

ఎన్నో ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషి, ఒక చిన్న ఉద్యోగిని చెప్పిన తాటాకు సంగతి విని, నెలల పనిని మళ్ళీ మొదటికి తీసుకెళ్ళడానికి ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. నేను పుస్తకాల్లో చదివిన గొప్పవాళ్ళలో ఎవరూ నాకు అంత దగ్గరగా కనపడలేదు.

తిరిగిన ఇళ్ళకే మళ్ళీ తిరిగాం. ఈసారి జవాబులు వేరు. రైసుమిల్లు షెడ్డులో ఉండే తాతగారు, కొత్త తాళం వేసినప్పుడు రెండో చెవి తన చేతికిస్తే ఉండమన్నట్టేనన్నారు. దూరపు బంధువుల ఇంట్లో వెనక గదిలో ఉండే ఒకావిడ, ఆవకాయ రోజుల్లో ముక్కలు కోయడానికి తనని పిలిస్తే ఆ ఏటికి ఫరవాలేదంది. ఒక్కొక్కరికీ ఒక్కో గుర్తు ఉంది. ఎవరికీ మాట లేదు. మేడమ్ ఆ గుర్తులన్నీ వింటూ, "అమ్మా, మీరు నాకు పాఠం చెప్తున్నారు" అనేవారు. ఊరికే అనడం కాదు, ఆ పాఠమే రాసుకునేవారు.

"మామ్మగారికి మనం ఏమైనా చేయొచ్చాండీ?" అని ఒకసారి ధైర్యం చేసి అడిగాను.

"మాట ఇవ్వకూడదు. మనం ఇవ్వగలిగింది ఏమీ లేదు. ఆవిడ తరఫున ఆవిడ కంటే ముందు మాట్లాడకూడదు, అది నువ్వు చూశావు. పక్కన నిలబడొద్దని మాత్రం ఏ రూలూ లేదు" అన్నారు.

అందుకని సెలవు దొరికినప్పుడల్లా తోటకి వెళ్ళి కూర్చునేదాన్ని. కాయలు ఏరేదాన్ని. మేము ఆకు గురించి మాట్లాడుకోలేదు. మబ్బు పట్టిన రోజున ఆవిడ కప్పు వైపు చూసేది, నేను కాలువ వైపు చూసేదాన్ని. పక్క తోటవాళ్ళు ధాన్యం మీద కప్పే బరకం ఒకటి ఇస్తామన్నారు. ఆవిడ తీసుకోలేదు. బరకం కప్పానంటే ఆకు రాదని నేనే ఒప్పుకున్నట్టు, అంది.

జూన్ మొదటి వారంలో ఒక ఉదయం నేను వెళ్ళేసరికి ట్రాక్టరు తోటలో ఉంది. ఆకు వచ్చింది. మామ్మగారు మోపుల చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "సగమే" అంది.

నాకు మనసు చివుక్కుమంది. సగం ఆకు పంపడం అంటే ఏమిటి, సగం ఏడాదా అనుకున్నాను. ఆవిడ మాత్రం ట్రాక్టరు తోలినాయనని అడిగింది. ఆయన చెప్పాడు, చెరువు రోడ్డు కోసం గట్టు మీది తాటిచెట్లు సగం కొట్టేశారట. మిగిలినవాటి ఆకంతా పెద్దకోడలు గారు దగ్గరుండి కొట్టించారట, ఒక్క మట్ట కూడా మిగల్చకుండా.

"చూశావా" అంది మామ్మగారు నాతో. "ఉన్నదంతా పంపింది. నేను తప్పు తలచేదాన్ని, అడక్కపోతే."

ఆకు రెండు రోజులు బరువులు పెట్టి అణిచారు. మూడోరోజు తాటాకు ఇల్లు నేసే ఆయన వచ్చాడు. ఆయనకీ అరవై దాటాయి. ఈ పని తెలిసినవాళ్ళు ఆ చుట్టుపక్కల ఆయన తర్వాత ఎవరూ లేరట. పాక చుట్టూ చూసి, ఆకు చూసి, తల గోక్కున్నాడు.

"మామ్మా, ఈ ఆకుకి అర ఇల్లే అవుద్ది. అటువైపు బరకం ఏసేద్దాం."

"బరకం వొద్దు. ఇల్లు తగ్గించెయ్."

"ఇల్లు తగ్గించడమేంటి? చొక్కా అనుకున్నావా కుట్టు పట్టడానికి?"

"మరేంటి. మనిషి చిక్కితే రవిక బిగించుకోదా? అటు రెండు వాసాలు పీకెయ్. పొయ్యి ఇటు తెచ్చుకుంటాను. మంచం ఉంటే చాలు, నేనేమన్నా నాట్యం చేస్తానా ఇంట్లో."

"చేసినా చేస్తావు. వయసులో నీ కోలాటం చూడ్డానికి మూడు పేటలోళ్ళు వొచ్చేవోళ్ళు."

"అందులో నువ్వూ ఉన్నావు గదా. చూసింది చాలు, ఎక్కు."

అలా నవ్వుకుంటూనే ఇంటిని తగ్గించారు. నేను చూస్తుండగానే పాతిక ఏళ్ళ పాత వాసాలు ఊడి కింద పడ్డాయి. పాక సగమైంది. ఆవిడ ఒక్కసారి కూడా అయ్యో అనలేదు. ఏ గుంజ ఎక్కడ పాతాలో కర్రతో నేల మీద గీసి చూపించింది. ఈదురుగాలి ఏ మూలనుంచి కొడుతుందో, నీళ్ళు ఎటు పారుతాయో ఆవిడకి తెలుసు. ఆకు తడిపి నేను అందిస్తుంటే ఆయన పైన వరసగా పరుస్తూ తాటినారతో కుట్టుకుంటూ పోయాడు. పల్చగా పరిచి ఎక్కువ మేర లాగుదామని ఆయన అన్నప్పుడల్లా ఆవిడ కిందనుంచి, "వొత్తుగా వెయ్యి. చిన్నదైనా కారకూడదు" అనేది.

కప్పు రెండు వైపులా కలిసే చోట కొప్పు కుడుతుండగా పెద్దకోడలు గారు వచ్చారు. గొడుగు మూసి నిలబడి, పాక వైపు చూశారు. చాలాసేపు చూశారు.

"ఏంటే, ఇల్లు సగం చేసేశావు?"

"ఆకుకి సరిపడా వేసుకున్నానండీ అమ్మగారూ."

ఆవిడ గొడుగు పక్కన పెట్టి, తీసేసిన వాసాల మీద కూర్చున్నారు. ఎండలో నడిచొచ్చినందుకో ఏమో మొహం వాడిపోయి ఉంది. "గట్టు మీద చెట్లు అలా కొట్టేస్తారని నాకు చెప్పలేదు. మా మరుదులు నాకన్నీ చెప్పి చేస్తారా" అన్నారు, ఎవరితోనూ కాదన్నట్టు.

"తెలుసండీ. ఉన్నదంతా మీరు దగ్గరుండి కొట్టించేరంట" అంది మామ్మగారు. తర్వాత ఆవిడ ముందు నేల మీద కూర్చుంది. నాకు ఇప్పటికీ గుర్తుంది, గొంతు పెంచలేదు, తగ్గించనూ లేదు. "వచ్చే ఏడు నేను ఆకు అడగనండీ. చెట్లే లేనప్పుడు మీరు మాత్రం ఎక్కడినుంచి తెస్తారు. ఒక ముక్క రాసివ్వండి అమ్మగారూ. ముప్పై ఏళ్ళుగా ఈ తోటలో ఉంటున్నానని. స్థలాల లిస్టుకి ఆ కాగితమొక్కటే లేదు."

పెద్దకోడలు గారు ఉలిక్కిపడ్డట్టు చూశారు. "కాగితం రాసిస్తే వాళ్ళు ఊరుకుంటారా? రేపు నువ్వు తోటలో హక్కుందంటావని నా మీదకొస్తారు."

"హక్కు కావాలనుకుంటే ఇల్లు పెంచేదాన్నండీ. తగ్గించేదాన్నా?"

కొప్పు మీది ఆయన కుట్టడం ఆపాడు. నేను చేతిలో ఆకు పట్టుకుని అలాగే నిలబడ్డాను. పెద్దకోడలు గారు పాక వైపు చూశారు, కింద పడేసిన వాసాల వైపు చూశారు. ఆవిడ పెదవుల మీద చిన్న నవ్వు లాంటిది వచ్చి పోయింది.

"నువ్వు చదువుకుని ఉంటే మా ఇంట్లో వాళ్ళందర్నీ కోర్టులో నిలబెట్టేదానివే" అన్నారు. తర్వాత నా వైపు చెయ్యి చాపారు. "కాగితం ఉందా అమ్మాయ్?"

తెల్ల కాగితం, అట్ట, పెన్ను ఇచ్చాను. ఒళ్ళో పెట్టుకుని నెమ్మదిగా, గుండ్రటి అక్షరాలతో రాశారు. రాసి నాకిచ్చారు. మామ్మగారు చదవమంది. నేను చదవడం మొదలుపెట్టాను.

"పైకి వినపడట్లేదు పాపగారూ" అన్నాడు కొప్పు మీది ఆయన. "నేను కూడా సాక్షినే గదా."

గొంతు పెంచి మళ్ళీ మొదటినుంచి చదివాను. అంత గట్టిగా నలుగురి మధ్య నేను ఎప్పుడూ చదవలేదు. "మా తోటలో ముప్పది సంవత్సరములుగా మా దయతో నివసించుచున్నది" అన్న దగ్గర మామ్మగారు చెయ్యెత్తింది.

"అమ్మగారూ, ఏమీ అనుకోకండీ. దయ మీకు ఉంది, లేదనను. కానీ నేను ఊరికే లేను గదండీ. కాపలా కాసేను."

పెద్దకోడలు గారు కాగితం వెనక్కి తీసుకున్నారు. ఒక్క క్షణం పెన్ను ఆగింది. తర్వాత 'మా దయతో' అన్నది అడ్డంగా కొట్టేసి, పైన 'తోట కాపలా పని చేయుచూ' అని రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టారు. కింద మళ్ళీ పూర్తి సంతకం పెట్టి, "ఇప్పుడు చదువు" అన్నారు నాతో. చదివాను. మామ్మగారు తల ఊపింది.

"ఆయ్, సరిగ్గా ఉందండీ."

ఆ మర్నాడే వాన పడింది. నేను మధ్యాహ్నం గొడుగు వేసుకుని వెళ్ళాను. మంచం, పొయ్యి, బట్టల పెట్టె పెట్టాక లోపల మేమిద్దరం మోకాళ్ళు ముడుచుకుని కూర్చునే చోటే మిగిలింది. పైన ఒత్తుగా పరిచిన కొత్త ఆకు మీద వాన చప్పుడు వింటూ కూర్చున్నాం. ఎక్కడా ఒక్క బొట్టు పడలేదు.

కాగితం గ్రామ సచివాలయంలో ఇచ్చి వచ్చాం. ఆవిడ మాట్లాడింది, నేను పక్కన నిలబడ్డాను. తీసుకున్నారు, పేరు ఎక్కించామన్నారు. లిస్టు ఇంకా రాలేదు. తోటకి అవతలి వైపు చెరువు పని మొదలైంది, మట్టి లారీలు తిరుగుతున్నాయి. మేడమ్ రాస్తున్న నివేదికలో ఆవిడ గురించి రెండు పేజీలున్నాయి, పేరు లేకుండా. ఆ రెండు పేజీలూ ఆవిడకి చదివి వినిపించి, సరేనన్నాకే ఉంచుతామన్నారు మేడమ్. మొన్న ఆదివారం వెళ్ళి వినిపించాను. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నది. మధ్యలో ఒకచోట మాత్రం ఆపించింది.

"నిస్సహాయురాలు అంటే ఏంటి పాపా?"

చెప్పాను.

"అది నా సంగతి కాదు. తీసెయ్యమను మీ మేడమ్ గారిని" అంది. "లిస్టులో పేరొస్తే ఇల్లు ఎలా కట్టుకోవాలో కూడా అనుకుని ఉంచేను. తలుపు ఉత్తరానికి పెడతాను, గాలి అటే."

తీసేశాను. తలుపు సంగతి మార్జినులో రాసుకున్నాను.